కడుపు లోపలి పొరలో పుట్టే అరుదైన క్యాన్సర్లు: దాతలు తెలుసుకోవలసిన సంగతులు



వైద్య సహాయం కోరుతూ ధార్మిక సంస్థలకు వచ్చే అర్జీలలో గుండె ఆపరేషన్లు, డయాలసిస్, రొమ్ము క్యాన్సర్, నోటి క్యాన్సర్ వంటివి ఎక్కువ. వాటి గురించి మనకు ఎంతో కొంత తెలుసు. ఎక్కడ చేస్తారు, ఎంత ఖర్చవుతుంది, మనిషి లేచి తిరగడానికి ఎన్నాళ్లు పడుతుంది అనే అంచనా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం డాక్టరు చీటీ మీద 'పెరిటోనియల్' అనే మాట కనిపిస్తుంది. అది జీర్ణాశయం క్యాన్సరా, పేగు క్యాన్సరా, ఆడవారి జబ్బా అన్నది ఇంట్లోవారికీ తెలియదు, సాయం చేసేవారికీ తెలియదు. ఈ జబ్బు గురించి తెలుసుకుంటే మన సొమ్ము ఏ దశలో ఎక్కువ పని చేస్తుందో కూడా తెలుస్తుంది. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

పెరిటోనియం అంటే ఏమిటో మనలో చాలామంది కళ్లారా చూసినవారే. బక్రీద్ రోజున ఖుర్బానీ జంతువు పొట్ట కోసినప్పుడు పొట్ట గోడకు లోపలి వైపున, పేగుల పైన, తడిగా మెరిసే పల్చని పొర ఒకటి ఉంటుంది. పేగుల ముందు కొవ్వుతో అల్లిన వల లాంటిది వేలాడుతుంది. మనిషి పొట్టలోనూ ఇదే అమరిక. ఆ పొర పేరు పెరిటోనియం, ఆ కొవ్వు వల పేరు ఒమెంటం. పొరనంతా విప్పి పరిస్తే దాదాపు మన ఒంటిమీది చర్మమంత వైశాల్యం వస్తుందంటారు. పేగులు ఒకదానిమీద ఒకటి రాసుకోకుండా జారడానికి ఈ పొర కొద్దిపాటి ద్రవాన్ని ఊరిస్తూ, మళ్లీ పీల్చుకుంటూ ఉంటుంది. ఈ లెక్క తప్పినప్పుడు పొట్టలో నీరు చేరుతుంది. పెద్దలు జలోదరం అనేది దానినే.

ఈ పొరకు క్యాన్సర్ రెండు రకాలుగా వస్తుంది. జీర్ణాశయం, పెద్దపేగు, అండాశయం వంటి అవయవాలలో పుట్టి ఇక్కడికి పాకడం ఒకటి. చాలామందిలో జరిగేది ఇదే. రెండోది, పొరలోనే మొదలవడం. ఇది అరుదు, ఇందులోనూ రకాలున్నాయి.

పొర కణాల నుంచే పుట్టేది మీసోథీలియోమా. ఇది ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో ఎక్కువగా వస్తుంది. మొత్తం మీసోథీలియోమా రోగులు పదిమంది ఉంటే పొట్టలో వచ్చేది ఒకరికో ఇద్దరికో. అమెరికా వంటి పెద్ద దేశంలోనే ఏటా అన్ని చోట్లా కలిపి సుమారు 3000 మందికి ఈ జబ్బు బయటపడుతుంది. అంటే ఒక మామూలు డాక్టరు తన జీవితకాలంలో ఒక్క పెరిటోనియల్ మీసోథీలియోమా రోగిని కూడా చూడకపోవచ్చు. చిన్న ఊరి డాక్టరుకు వెంటనే తట్టలేదని తప్పు పట్టడం న్యాయం కాదు.

ఆడవారిలో వచ్చేది ప్రైమరీ పెరిటోనియల్ కార్సినోమా. సూక్ష్మదర్శిని కింద ఇది అచ్చం అండాశయం క్యాన్సర్ లాగే ఉంటుంది, వైద్యం కూడా దాదాపు అదే. మన ప్రాంతంలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి. నలభై ఏళ్లు నిండకముందే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు మన పల్లెల్లో ఇంటికొకరు కనిపిస్తారు. "గర్భసంచే లేదు, ఇంక ఆ జబ్బులు నాకెందుకు వస్తాయి" అని వాళ్ల ధీమా. గర్భసంచి తీసినా, అండాశయాలు కూడా తీసేసినా పొర అక్కడే ఉంటుంది. అరుదుగానైనా ఈ క్యాన్సర్ అందులో పుట్టవచ్చు. ఈ రకంలో కొంతమందికి బీఆర్‌సీఏ అనే జన్యువులో లోపం ఉంటుంది. ఆ లోపం తల్లి వైపు నుంచే కాక తండ్రి వైపు నుంచీ రావచ్చు. అందువల్ల డాక్టరు ఇంట్లో ఎవరికైనా రొమ్ము, అండాశయం క్యాన్సర్లు వచ్చాయా అని అడిగినప్పుడు అమ్మమ్మ, పిన్నమ్మల సంగతి ఒక్కటే కాదు, మేనత్తల సంగతీ చెప్పాలి.

మూడోది మరీ అరుదు. పేరు డెస్మోప్లాస్టిక్ స్మాల్ రౌండ్ సెల్ ట్యూమర్. ఎక్కువగా కౌమార వయసు మగపిల్లల్లో, యువకుల్లో వస్తుంది. హైస్కూలు పిల్లవాడి పొట్ట గట్టిపడి, ఒళ్లు తగ్గుతూ ఉంటే ఏలికపాముల మాత్రతో సరిపెట్టకూడదని తెలుసుకుంటే చాలు.

పోగొట్టుకునే నెలలు

ఒక ఉదాహరణ అనుకుందాం. ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో యాభై ఏళ్ల తల్లి. రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటోంది. లంగా నాడా ముందు కట్టే చోట బిగుతవుతోంది. కాళ్లూ చేతులూ సన్నబడుతున్నాయి, పొట్ట మాత్రం పెరుగుతోంది. "వయసు కదా, ఒళ్లు చేశావు" అంటారు చుట్టుపక్కలవాళ్లు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్ర ఇస్తాడు. ఒక నెల పోతుంది. తర్వాత నంద్యాలలో స్కానింగ్ చేస్తే పొట్టలో నీరుందని తేలుతుంది. నీళ్లు తీస్తే నాలుగు రోజులు సుఖంగా ఉంటుంది, మళ్లీ చేరుతుంది. లివరని కొన్నాళ్లు, టీబీ అని కొన్నాళ్లు మందులు వాడతారు. ఇలా ఆరు నెలలు గడిచాక పెద్ద ఆసుపత్రిలో క్యాన్సర్ అంటారు. అప్పుడు అర్జీ రాస్తారు.

దాతల సొమ్ము ఆ కుటుంబానికి చేరేది ఆరో నెలలో. దానికి అసలు అవసరం ఉన్నది రెండో నెలలో.

టీబీ అని అనుకోవడంలో డాక్టర్ల తెలివితక్కువతనం ఏమీ లేదు. మన దేశంలో పొట్ట టీబీ చాలా ఎక్కువ. అందులోనూ నీరు చేరుతుంది, ఒళ్లు తగ్గుతుంది, సాయంత్రం జ్వరం వస్తుంది, స్కానింగ్‌లో పొర మందంగా కనబడుతుంది. సీఏ 125 అనే రక్తపరీక్ష అండాశయం, పొర క్యాన్సర్లలో పెరుగుతుంది, పొట్ట టీబీలోనూ పెరుగుతుంది. కనుక ఆ అంకె ఒక్కటి చూసి క్యాన్సర్ అని ఏడవడమూ తప్పే. నిజంగా టీబీ అయితే ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులతో నయమవుతుంది. చేతిలో ఆధారం లేకుండా ఊహ మీద నెలల తరబడి ఉండిపోవడంతోనే ప్రమాదం.

పొట్టలో నీరు కనబడగానే చేయవలసిన మొదటి పరీక్ష ఖరీదైనదేమీ కాదు. అదొక తీసివేత లెక్క. ఒకే రోజు రక్తంలోని ఆల్బుమిన్, తీసిన నీటిలోని ఆల్బుమిన్ కొలుస్తారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తారు. తేడా 1.1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే నీరు లివరు వల్లనో గుండె వల్లనో చేరిందని ఎక్కువగా అనుకోవాలి. తక్కువ ఉంటే టీబీ, క్యాన్సర్ వంటి పొర జబ్బుల వైపు చూడాలి. రక్తంలో 3.0, నీటిలో 1.2 ఉంటే తేడా 1.8, లివరు వైపు చూపు. రక్తంలో 3.4, నీటిలో 2.9 ఉంటే తేడా 0.5 మాత్రమే, ఇక లివరు మందులతో కాలం గడపకూడదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. రిపోర్టులో రెండు అంకెలూ ఉన్నాయా అని అడగడం కుటుంబంలో చదువుకున్న ఎవరైనా చేయగలరు.

అదే నీటిని టీబీ కోసం ఏడీఏ, సీబీనాట్ పరీక్షలకు, క్యాన్సర్ కణాల కోసం సైటాలజీకి పంపుతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీసోథీలియోమాలో నీటి పరీక్ష చాలాసార్లు 'క్యాన్సర్ కణాలు లేవు' అనే వస్తుంది. పొట్ట టీబీలో సీబీనాట్ కూడా తరచు నెగటివ్ వస్తుంది. రెండూ లేవన్నారని ఇల్లు చేరి ఊరుకుంటే, జబ్బు ఊరుకోదు. తేల్చేది ముక్క పరీక్ష. పొట్ట మీద చిన్న రంధ్రం చేసి, కెమెరా గొట్టంతో చూస్తూ పొరలోంచి ముక్క తీస్తారు. దీన్ని లాపరోస్కోపిక్ బయాప్సీ అంటారు. కొన్నిసార్లు స్కానింగ్ చూస్తూ సూదితోనే తీయవచ్చు. ఆ ముక్క మీద ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే కొన్ని ప్రత్యేకమైన రంగుల పరీక్షలు చేయాలి. మామూలు రంగులో మీసోథీలియోమా, అండాశయం తరహా క్యాన్సర్ ఒకటిగానే కనబడవచ్చు. కాల్‌రెటినిన్ అనే రంగు పడితే ఒక వైపు, పాక్స్8 పడితే ఇంకో వైపు మొగ్గుతుంది. రెండింటికీ కీమో మందులు వేరు కనుక ఈ తేడా కాగితం మీది తేడా కాదు.

మన ఆడవారి విషయంలో ఇంకో ఆలస్యం ఉంది. మగ డాక్టరు పొట్ట తడిమి చూడాలంటే బిడియం. పొట్ట ఉబ్బరం గురించి కొడుకుతో చెప్పలేరు, కోడలికి చెబితే భారమనుకుంటారని భయం. లేడీ డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెంట తీసుకువెళ్లే ఒక చదువుకున్న ఆడమనిషిని సంస్థ ఏర్పాటు చేయగలిగితే, అది ఒక చెక్కు కన్నా ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

రాతినార సంగతి

మీసోథీలియోమా మాట వచ్చినప్పుడల్లా ఆస్బెస్టాస్ మాట వస్తుంది. మనవాళ్లు దాన్ని రాతినార అంటారు. అది మనకు దూరపు వస్తువు కాదు. పక్కనున్న కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె వంటి చోట్ల తెల్ల రాతినార గనులు నడిచాయి. దేశంలో కొత్త గనుల లీజులు 1986లో ఆగిపోయాయి గానీ విదేశాల నుంచి దిగుమతి అయిన నారతో సిమెంటు రేకులు తయారవుతూనే ఉన్నాయి. నంద్యాల, ఆళ్లగడ్డ పేటల్లో ఎన్ని ఇళ్ల మీద ఆ రేకులున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు కలిసి ఊపిరితిత్తి పొర మీసోథీలియోమా వచ్చిన 33 మంది గురించి రాశారు. వాళ్లలో దాదాపు అందరూ నీలి రాతినార గనులతో సంబంధం ఉన్నవారు. కొందరు గనిలో పని చేయలేదు, ఆ దగ్గర పుట్టి పెరిగారంతే. తర్వాత అమెరికాలో సెలికాఫ్ ఆ నారతో పని చేసే కార్మికులను గమనించినప్పుడు పొట్ట పొరలోనూ ఈ జబ్బు కనిపించింది. అన్ని రకాల రాతినారా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. తెల్ల రకం కన్నా నీలి, గోధుమ రకాలు మీసోథీలియోమా విషయంలో ఎక్కువ ప్రమాదకరం.

నార పీల్చిన నాటికీ జబ్బు బయటపడే నాటికీ మధ్య 20 నుంచి 50 ఏళ్లు గడుస్తాయి. 1995 జనవరిలో మన సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు ఇస్తూ, కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిననాటి నుంచి 40 ఏళ్లు గానీ, పని మానిన తర్వాత 15 ఏళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని యాజమాన్యాలను ఆదేశించింది. ఎందుకంత కాలమో ఇప్పుడు అర్థమవుతుంది. డాక్టరు "ఏం పని చేసేవారు?" అని అడిగితే ఇప్పటి పని కాదు, ఇరవై ఏళ్ల వయసులో చేసిన పని చెప్పాలి.

అయితే ప్రతి రోగికీ రాతినారే కారణమని అనుకోకూడదు. పొట్ట పొర మీసోథీలియోమాలో, ముఖ్యంగా ఆడవారిలో, ఆ సంబంధం ఏదీ కనబడని వారు చాలామందే ఉంటారు. ఆళ్లగడ్డ శిల్పుల రాతి దుమ్ము కూడా వేరే సంగతి. అది ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెచ్చే దుమ్ము, దాని జాగ్రత్తలు దానికి ఉన్నాయి. ఇంటి మీద చెక్కుచెదరని రేకు ఉన్నంత మాత్రాన భయపడి నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. రేకును కోసినప్పుడు, బెజ్జాలు వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే దుమ్మే ప్రమాదం. పాత రేకులు దించేటప్పుడు నీళ్లతో తడిపి, పగలకుండా దించాలి. ముక్కలను పొడి చీపురుతో ఊడ్వకూడదు, పిల్లలకు ఆటవస్తువులు కానివ్వకూడదు. గాలివానకు ఇళ్లు పోయినవారికి మనం రేకులు కొనిచ్చే సందర్భాలు ఉంటాయి. నార లేని రేకులు బజారులో దొరుకుతున్నాయి. కొంచెం ఎక్కువ పెట్టి అవే కొనాలని నేను కోరతాను.

వైద్యం, ఒక మధ్యగతం లెక్క

ఒకప్పుడు ఈ జబ్బుకు చేయగలిగింది చాలా తక్కువ. ఇప్పుడు జబ్బు పొట్ట దాటకుండా, మనిషి ఒంట్లో సత్తువ ఉంటే, పెద్ద ఆపరేషన్ చేస్తారు. కంటికి కనబడే గడ్డలన్నీ, పాడైన పొరతో సహా తీసేస్తారు. తర్వాత 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వేడి చేసిన కీమో మందును గంట, గంటన్నర సేపు పొట్టలోనే తిప్పుతారు. దీని పేరు హైపెక్. కంటికి కనబడని కణాలను మందు నేరుగా తాకుతుంది. ఆపరేషన్‌కు ఒక పగలంతా పట్టవచ్చు. ఇది అందరికీ పనికిరాదు, దీన్ని తరచుగా చేసే చోటే చేయించుకోవాలి. 2009లో అచ్చయిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ఇలా ఆపరేషన్ అయిన 405 మంది మీసోథీలియోమా రోగులలో 47 శాతం అయిదేళ్లు జీవించారు. ఆపరేషన్‌కు తగిన స్థితిలో ఉన్నవారిని ఏరుకున్న లెక్క ఇదని గుర్తుపెట్టుకోవాలి. ఆ స్థితిలో ఉండగానే ఆసుపత్రి చేరడం ఎంత అవసరమో కూడా ఇదే చెబుతోంది. ఆపరేషన్ కుదరనివారికి సిస్‌ప్లాటిన్, పెమెట్రెక్సెడ్ వంటి మందులున్నాయి. ప్రైమరీ పెరిటోనియల్ రకానికి ఆపరేషన్‌తో పాటు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఇస్తారు.

"ఎనిమిది నెలలే అంటున్నారు, ఇంక డబ్బు పెట్టి ఏం లాభం?" అనే మాట ఇంట్లోవారి నోట వస్తుంది, దాతల నోటా వస్తుంది. అమెరికాలో స్టీఫెన్ జే గౌల్డ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. 1982లో, నలభై ఏళ్ల వయసులో ఆయనకు పొట్ట పొర మీసోథీలియోమా అని తేలింది. పుస్తకాలు వెతికితే జీవితకాలపు మధ్యగతం ఎనిమిది నెలలని ఉంది. మధ్యగతం మన పదో తరగతి లెక్కల్లో ఉన్నదే. పదకొండుమంది రోగులు 2, 3, 4, 6, 7, 8, 12, 20, 36, 90, 240 నెలలు బతికారని ఊహించుకోండి. మధ్యనున్న అంకె 8, అదే మధ్యగతం. అంకగణిత సగటు మాత్రం దాదాపు 39. సగం మంది ఎనిమిది నెలలు దాటి బతికారు, అందులో ఒకరు ఇరవై ఏళ్లు బతికారు. గౌల్డ్ సరిగ్గా ఇదే గ్రహించి, 1985లో దాని గురించి వ్యాసం రాశారు. ఆయన ఇరవై ఏళ్లు బతికి 2002లో వేరే క్యాన్సర్‌తో మరణించారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. ఆయుష్షు అల్లాహ్ చేతిలోది. ఒక్క అంకె చూసి ఒక మనిషి అర్జీని పక్కన పెట్టడం మాత్రం లెక్కల ప్రకారం కూడా తప్పే.

ఎక్కడికి వెళ్లాలి అంటే, మొదట కర్నూలు పెద్దాసుపత్రి, ఆ తర్వాత తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారంతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాదులో బసవతారకం, ఎంఎన్‌జే ఆసుపత్రులు, చెన్నై అడయార్ ఉన్నాయి. ఎంఎన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నరు అయిన ఆ పెద్దమనిషి పేరు మీదే 1955 నుంచి ఆ ఆసుపత్రి పేదలకు వైద్యం చేస్తోంది. నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం కూడా అక్కడ ఉంది. జబ్బు ముదిరినవారికి నొప్పి లేకుండా చూడడం, నీళ్లు తీయించడం కూడా వైద్యమే, దానికి ఇచ్చే సాయమూ వృథా కాదు. ఎంఎన్‌జే ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం కింద ఉంది కనుక మన ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఎక్కడ, ఏ ఆపరేషన్‌కు, ఏ మేరకు చెల్లుతుందో బయలుదేరకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. హైపెక్ విషయంలో మరీ విడిగా అడగాలి.

ఇక మన వంతు. "రోగమేదో తేలకుండానే డబ్బు ఎలా ఇస్తాం?" అన్న అభ్యంతరం సహజం. జకాత్ సొమ్ము నియమాలు ఉలమాలు చెప్పాలి. సదఖా, సాధారణ విరాళాల నుంచైనా సీటీ స్కాన్, ముక్క పరీక్ష, రంగుల పరీక్ష, బస్సు ఛార్జీల కోసం చిన్న నిధి ఒకటి విడిగా పెట్టుకోవచ్చు. ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా కొద్ది. నిబంధన ఒక్కటి చాలు: పొట్టలో నీరుందని స్కానింగ్ రిపోర్టు, ఆల్బుమిన్ తేడా లెక్క, డాక్టరు చీటీ. ముక్క పరీక్షలో టీబీ అని తేలినా ఆ సొమ్ము పోయినట్టు కాదు, ఒక తల్లికి సరైన మందు దొరికినట్టు.

పెద్ద ఆసుపత్రికి వెళ్లేవారు కాగితాలతో పాటు ఇంకొకటి తీసుకెళ్లాలి. ముక్క పరీక్ష చేసిన ల్యాబులో గాజు స్లైడ్లు, మైనంలో పోతపోసిన ముక్క, అంటే పారఫిన్ బ్లాకు, భద్రంగా ఉంటాయి. రసీదు చూపి అడిగితే ఇస్తారు. అవి వెంట ఉంటే చాలాసార్లు రెండోసారి పొట్ట కోసి ముక్క తీయనవసరం ఉండదు. ఎండకు బ్లాకు కరిగే ప్రమాదం ఉంది కనుక దాన్ని చిన్న డబ్బాలో పెట్టి చేతిసంచిలో ఉంచుకోవాలి, బస్సు టాపు మీది సామానులో వేయకూడదు.